ట్యాంకు వెనక మూడు బకెట్లు

గొళ్ళెం పడిన చప్పుడు వినగానే పిలిచి ఉంటే సరిపోయేది. మామ్మగారూ, నేను పైనే ఉన్నానండీ. నాలుగు మాటలు. ఆ తర్వాత అన్నపూర్ణమ్మగారి రబ్బరు చెప్పులు మెట్లు దిగడం కూడా వినిపించింది. మోకాళ్ళ నొప్పుల మనిషి కదా, మెట్టుకొకసారి ఆగి, గోడ పట్టుకుని, మళ్ళీ దిగి, అలా పదిహేడు మెట్లు, అంటే పిలవడానికి పదిహేడు సార్లు వీలు చిక్కింది, అయినా ఆమని నీళ్ళ ట్యాంకు వెనక మూడు బకెట్ల మధ్య గొంతుకూర్చుని, చేతిలో మగ్గు పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఉండిపోయింది. బకెట్లు ఎవరి కంటా పడకూడదు. వాటి దగ్గర తాను ఎవరి కంటా పడకూడదు. అప్పుడు బుర్రలో ఉన్నది ఆ ఒక్కటే. తలుపుకు ఇవతల ఉండిపోయింది తానేననీ, సాయంత్రం దాకా ఆ గొళ్ళెం తీసే మనిషి లేదనీ తట్టేసరికి కింద టీవీ మోగింది, కాసేపటికి అదీ ఆగింది. టీవీ ఆగిందంటే మామ్మగారు చెవి మిషను తీసి దిండు పక్కన పెట్టుకున్నట్టే. ఇక మూడున్నర దాకా ఆవిడకు ఈ లోకంతో పని లేదు.

లేచి వెళ్ళి ఇనుప తలుపును రెండు చేతులా నెట్టింది, ఎండకు కాగిన రేకు అరచేతులను చురుక్కుమనిపించింది, భుజంతో నెట్టింది, చున్నీ చేతికి చుట్టుకుని మూడుసార్లు బాదింది, ఆ చప్పుడుకు తానే ఉలిక్కిపడి ఆపేసింది. చేతి గడియారంలో పన్నెండూ నలభై. రెండు గంటలకు ఉప్పల్లో, తన జూనియర్ కాలేజీలో, వృక్షశాస్త్రం ప్రాక్టికల్ పరీక్ష. ఇంటర్ రెండో ఏడాది, చివరి ప్రాక్టికల్, ఇది తప్పితే ఏడాదంతా పోయినట్టేనని లెక్చరర్ మూడుసార్లు చెప్పాడు. రికార్డు పుస్తకం, హాల్ టికెట్, బ్లేడూ సూదులూ ఉన్న పెట్టె అన్నీ భుజాన ఉన్న సంచిలోనే ఉన్నాయి. ఫోను మాత్రం కింద ఫ్రిజ్ మీద ఉంది, పరీక్షకు తేకూడదన్నారని వదిలేసింది. పన్నెండుంబావుకు "వెళ్ళొస్తానండీ మామ్మగారూ" అని చెప్పి, గడప దాటాల్సింది పోయి చెప్పులు చేత్తో పట్టుకుని పిల్లిలా మెట్లెక్కింది, ఐదు నిమిషాల పని కదా, బకెట్లకు తలా మగ్గు నీళ్ళు పోసి దిగిపోవచ్చు కదా అనుకుంది. అంటే ఇంట్లోవాళ్ళ లెక్కన ఆమని ఇప్పుడు బస్సులో ఉంది. బస్సులో ఉన్న పిల్లను ఎవరు వెతుకుతారు.

తలుపు వేసేది కోతుల కోసం. సంక్రాంతి వెళ్ళిన వారం ఒక గుంపు మెట్ల మీదుగా వంటింట్లోకి దిగి పెసరపప్పు డబ్బా ఎత్తుకుపోయింది, అప్పటి నుంచి పన్నెండున్నరకల్లా పైతలుపు వేయడం అన్నపూర్ణమ్మగారి పని. ఆవిడ డాబా మీదికి రాదు, ఆఖరి మెట్టు మీద నిలబడి చెయ్యి చాపి గొళ్ళెం లాగేస్తుంది. మిగతా ఇద్దరూ ఆరు దాటితే గాని రారు. సార్ ఎలక్ట్రానిక్స్ ప్లాంటులో, మేడం ఆలేరు దగ్గర బడిలో. ఆ బడిలోనే ఆమని పదో తరగతి చదివింది. సూర్యకళ మేడం ఉప్పల్ రింగు రోడ్డులో పొద్దున ఆరున్నరకు వరంగల్ బస్సెక్కి ఆ ఊరొచ్చి జీవశాస్త్రం చెప్పేవారు, ఆమని పువ్వు బొమ్మ గీస్తే తరగతంతా తిప్పి చూపించేవారు, పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు ఇంటికే వచ్చి నులక మంచం మీద కూర్చుని, "మీ అమ్మాయిని నాతో పంపండి, మా ఇంట్లో పిల్లలా ఉండి చదువుకుంటుంది" అన్నారు. నాయిన చేతులు జోడించాడు. నిజంగానే పిల్లలా ఉంది. తిండికి లోటు లేదు, పడకకు లోటు లేదు, అడగకముందే పుస్తకాలు వస్తాయి. ఏ లోటూ లేని ఇంట్లో ఊపిరి ఎందుకు ఆడదో ఆమని తన డైరీలో చాలాసార్లు రాయబోయి కొట్టేసింది, ఎందుకంటే డైరీ కూడా మేడం కొనిచ్చిందే.

ఎండ పిట్టగోడ మీద నుంచి లోపలికి జరిగింది. తూర్పు పిట్టగోడ పక్కన, ఆకుపచ్చ నీడవల కింద, పొడుగాటి మట్టి తొట్టిలో మేడం మొక్కలు పన్నెండు వరసగా ఉన్నాయి. రొమైన్ లెట్యూస్. ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు ఆమనికి ఏదో మందు పేరులా తోచింది. ఆకుకూరే, కాని నేల మీద పరుచుకోదు, చెవులు నిక్కబొడుచుకున్న కుందేళ్ళలా నిటారుగా లేస్తుంది, మధ్యలో తెల్లటి ఈనె, విరిస్తే పటుక్కుమంటుంది. విత్తనాల పొట్లం అక్టోబరులో వచ్చింది. అరచేతిలో పోసుకుంటే జీలకర్రను నిలువునా చీల్చినట్టు ఉన్నాయి, ఊపిరి తగిలితే ఎగిరిపోయేలా. ఈ ఊరి వేడికి విత్తనం నిద్రపోతుందని, తడిగుడ్డలో చుట్టి రెండు రోజులు ఫ్రిజ్‌లో పెట్టాలని మేడం అంటే మామ్మగారు ఫ్రిజ్ తీసి, "పాల గిన్నె పక్కన ఈ తడిగుడ్డేమిటే, ఎవరికొచ్చింది జ్వరం?" అన్నారు. మూడో రోజుకు గుడ్డ విప్పితే ఒక్కో గింజకూ తెల్లటి చుక్కంత వేరు. కాగితం కప్పుల్లో కొబ్బరిపొట్టు నింపి, ఒక్కో కప్పులో మూడేసి గింజలు పెట్టి, ఆమని అలవాటుగా పైన పిడికెడు మట్టి కప్పబోయింది. మేడం చెయ్యి పట్టుకుని ఆపారు. కప్పకూడదట, ఊరికే వేలితో అద్ది వదిలేయాలట, కొన్ని విత్తనాలు వెలుతురు చూస్తేనే మొలుస్తాయట. ఊళ్ళో అయితే ఏ గింజనైనా చీకట్లోకి తోసి పైన కాలితో తొక్కుతారు. వెలుతురు చూసి మొలిచే గింజలుంటాయని ఆమనికి ఆ రోజు దాకా తెలియదు. చెయ్యి పట్టుకుని ఆపినప్పుడు మేడం వేళ్ళు మెత్తగా ఉన్నాయి, గట్టిగా కూడా ఉన్నాయి.

పక్కన షెడ్డులో గ్రైండరు మొదలైంది. ఇనుప గేట్లు, కిటికీ గ్రిల్స్, నిచ్చెనలు చేసే షెడ్డు అది, దాని రేకుల కప్పు ఈ డాబాకు రెండు నిలువుల కింద ఉంటుంది, తూర్పు పిట్టగోడ మీద మోచేతులు ఆనించి వంగితే రేకుల అంచు అవతల నిప్పురవ్వలు కనిపిస్తాయి, నలుగురైదుగురు మనుషుల మాటలు వినిపిస్తాయి. నాచారంలో ఈ వీధి అంతా ఇళ్ళ పక్కనే షెడ్లు, రోజంతా ఇనుము అరుస్తూనే ఉంటుంది. పిలవాలి. గ్రైండరు ఆగినప్పుడు పిలవాలి. ఏమని పిలవాలి? ఏమండీ అనాలా, అన్నా అనాలా? ఏమండీ, కొంచెం తలుపు తీయిస్తారా. ఇది మామ్మగారు నేర్పిన మాట, "వచ్చిన్రు ఏమిటే, వచ్చారు అనలేవూ" అంటూ, నవ్వుతూనే, రెండేళ్ళుగా దిద్దిన మాట. ఆ మాటలో కేక వేస్తే అది కేకలా ఉండదు, ఎవరికో దరఖాస్తు పెట్టుకున్నట్టుంటుంది. అన్నా, జర తలుపు తియ్యిన్రి. ఇది నోటిదాకా వచ్చి ఆగిపోతుంది, రెండేళ్ళ దుమ్ము పేరుకున్న పెట్టెలా తెరుచుకోదు. గ్రైండరు ఆగింది. ఇప్పుడు. కింద ఎవరో దగ్గారు, ఇనుప కడ్డీ నేల మీద దొర్లింది. ఇప్పుడే. ఆమని నోరు తెరిచింది, నాలుక అంగిటికి అతుక్కుంది, గ్రైండరు మళ్ళీ మొదలైంది. ఒంటిగంట కావడానికి పది నిమిషాలు.

నాయనమ్మ మల్లవ్వ అయితే ఈపాటికి వీధినంతా డాబా ఎక్కించేది. మల్లవ్వ పత్తి చేలో ఈ కొస నుంచి ఆ కొసకు పిలిస్తే మూడో చేనులో ఎడ్లు కూడా ఆగి చూసేవి. ఆమె కోపమూ కేకే, ప్రేమా కేకే, అన్నం తిన్నవా అని అడగడం కూడా కొట్టడానికి వస్తున్నట్టే. అటువంటి ఇంట్లో పుట్టి ఈ పిల్లకు నోట్లో నాలుక లేదేమిటని చుట్టాలంతా అనేవారు. ఉంది నాలుక. ఊళ్ళో అందరూ అరుస్తుంటే తాను అరవాల్సిన పని పడలేదు, ఇక్కడ ఎవరూ అరవరు కాబట్టి తాను అరవకూడదు. "నెమ్మదిగా ఆమనీ, పక్కింటికి వినిపిస్తుంది" అని మేడం ఒకసారి అన్నారు, మొదటి నెలలోనే, ఇంటికి ఫోను చేసి మాట్లాడుతుంటే. ఆ ఒక్కసారే. ఆ తర్వాత అనాల్సిన అవసరం రాలేదు.

తోటకూర తల గిల్లడం నేర్పింది మల్లవ్వే. మొక్క జానెడు కాగానే నడినెత్తి మీద చిగురు గోటితో గిల్లేయాలి, అప్పుడు పక్కల నుంచి నాలుగు పిలకలు వస్తాయి, నాలుగు పూటల కూర అవుతుంది. నవంబరు చివర ఒక ఆదివారం మేడం వాళ్ళు మల్కాజిగిరిలో ఏదో పెళ్ళికి వెళ్ళినప్పుడు, ఆమని డాబా ఎక్కి, ఏదైనా మంచి పని చేసి చూపించాలని, పది రొమైన్ మొక్కల నడిచిగుళ్ళూ ఒక్కొక్కటే గిల్లింది. గిల్లిన చోట తెల్లటి పాలు బొట్లుగా ఉబికాయి. జిల్లేడు గుర్తొచ్చి కాస్త భయం వేసింది, అయినా ఆపలేదు. చేతులు కడుక్కున్నాక కూడా వేళ్ళ చివర చేదు పోలేదు. సాయంత్రం మేడం వచ్చి చూసి, చాలాసేపు మొక్కల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "దీనికి నడిచిగురే ప్రాణం ఆమనీ, అది పోతే ఇక మొవ్వు కట్టదు" అన్నారు. ఆ తర్వాత, "పోనీలే, మళ్ళీ వేద్దాం" అన్నారు. అంతే. ఆ రాత్రి అన్నంలో నెయ్యి తనకే ఎక్కువ వేశారు. మల్లవ్వ అయితే వీపు మీద రెండు ఇచ్చి, గంటసేపు తిట్టి, పొద్దుగూకేసరికి మరిచిపోయేది, తానూ ఏడ్చి మరిచిపోయేది. తిట్టని తప్పును ఎక్కడ దింపుకోవాలో ఆమనికి తెలియలేదు. అది అప్పటి నుంచి లోపలే ఉంది, మింగిన చేపముల్లులా, మాట్లాడబోయినప్పుడల్లా తగులుతూ.

డిసెంబరులో మళ్ళీ వేశారు. ఈసారి ఆమని ఏదీ సొంతంగా చేయలేదు. చెప్పినట్టు ఫ్రిజ్‌లో పెట్టింది, చెప్పినట్టు తీసింది, పొద్దున ఎండలో, మధ్యాహ్నం నీడలో, ఎన్ని ఆకులు వేసిందో పుస్తకంలో రాసింది. నాలుగు ఆకులు వేశాక మేడం ఒక్కో కప్పులో బలమైన మొక్క ఒకటి ఉంచి, మిగతావి కత్తెరతో మొదలంటా కత్తిరించమన్నారు, పీకితే పక్కదాని వేరు కదులుతుందని. ఆమని కత్తెర పట్టుకుని చాలాసేపు కూర్చుంది. పన్నెండు కప్పులు, బలమైనవి పన్నెండు, మిగతావి పక్కదాని నీడలో వంకరగా పెరిగినవి, సన్నటి కాళ్ళవి, ఏదో ఒకటి అనమంటే ఏమీ అనలేనివి. చాలావాటిని కత్తిరించింది. మూడింటిని మాత్రం కత్తిరించలేక, పుల్లతో మెల్లగా పెకలించి, సున్నం అంటిన పాత పెయింటు బకెట్లలో, ట్యాంకు వెనక పెట్టింది. అది దొంగతనం కాదు, పారేయమన్నవే కదా, అయినా మేడం పారేయమన్నదాన్ని ఉంచుకోవడం దొంగతనంలాగే ఉంది, రోజూ తాను పోసే మగ్గెడు నీళ్ళూ దొంగనీళ్ళలాగే ఉన్నాయి. ఆ మూడూ పెరిగాయి. ట్యాంకు నీడ వల్ల కాబోలు, మేడం మొక్కల కంటే ఆకు పెద్దదై, మొవ్వు గట్టిగా కట్టాయి. ఈ రెండేళ్ళలో ఆమని ఎవరినీ అడగకుండా చేసిన పని అదొక్కటే.

వీధి వైపు పిట్టగోడ దగ్గరికి వెళ్ళింది. ఎదురింటి తలుపులు మూసి ఉన్నాయి. ఫార్మా కంపెనీ నీలం చొక్కా వేసుకున్న ఒకాయన బండి మీద వెళ్ళిపోయాడు, కొరియర్ అతను ఆగి, ఫోనులో ఏదో చూసుకుని, తల ఎత్తకుండానే వెళ్ళిపోయాడు. తల ఎత్తి ఉంటే తానేం చేసేది? బహుశా వంగి కూర్చునేది. వెనక్కి వచ్చి నీడవల కింద, పన్నెండు మొక్కల పక్కన కూర్చుంది. నేల సెగ చుడీదారులోంచి తగులుతోంది. ఆకలి వేస్తోంది. ఒక ఆలోచన, చాలాసేపటి నుంచి ట్యాంకు వెనక నక్కినట్టు నక్కి ఉన్నది, మెల్లగా బయటికి వచ్చి పక్కన కూర్చుంది. ఇలాగే ఉండిపోతే? తలుపు వేసింది తాను కాదు. మామ్మగారిని ఎవరూ ఏమీ అనరు, తననూ ఎవరూ ఏమీ అనరు. పాపం పిల్ల, ఎండలో ఇరుక్కుపోయింది అంటారు. ల్యాబులోకి వెళ్ళక్కర్లేదు, పొడుగు బల్లల ముందు నిలబడక్కర్లేదు, బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి కళ్ళద్దాల పైనుంచి చూస్తూ ఇదేమిటమ్మా అని అడగడు. పోయిన నెల నమూనా పరీక్షలో అడిగారు. సూక్ష్మదర్శిని కింద ఉన్నది ఏకదళ బీజ కాండమని, నాళికాపుంజాలు చెల్లాచెదురుగా ఉన్నాయి కాబట్టి అలా చెప్పవచ్చని ఆమనికి తెలుసు, అందరికంటే ముందే తెలుసు, ఆ ముక్కను అంత పల్చగా కోసింది కూడా తానే. నోరు పెగల్లేదు. పక్కనున్న పిల్ల తప్పు చెప్పింది, దానికైనా సగం మార్కులు వేశారు. ఈ ఏడాది పోతే ఇంటికి పంపేస్తారేమో. ఇంటికి. ఆ మాట తియ్యగా వచ్చి గొంతు దగ్గర చేదైంది. ఇంటికి వెళ్తే పత్తి చేలో మళ్ళీ మల్లవ్వ వెనక నడవడం, నాయిన అప్పుడు చేతులు జోడించినట్టే ఇప్పుడు తల దించుకోవడం. లేదు, పంపరు కూడా. మేడం ఆ మాటే అంటారు. పోనీలే, మళ్ళీ రాద్దాం. ఇంకో ఏడాది ఈ ఇంట్లో. ఇంకో ఏడాది నెమ్మదిగా. ఇంకో ఏడాది ట్యాంకు వెనక.

ఒంటిగంటా ఐదు. ఆమని లేచి నిలబడింది, ఎందుకు లేచిందో తెలియకుండానే. దగ్గరగా చూస్తే పన్నెండింటిలో రెండు మొక్కల నడుమ మొవ్వు కాస్త పైకి సాగుతోంది, ఫిబ్రవరి ఎండ తగిలితే ఇంతే, ఆకు పని ముగించి పూత కోసం లేస్తాయి, లేచిన వారానికి ఆకంతా చేదు. ఆదివారం మిద్దెతోట గ్రూపు వాళ్ళు పదిమంది చూడటానికి వస్తున్నారు, అప్పటిదాకా ఒక్క ఆకు కూడా తుంచొద్దని మేడం రెండుసార్లు చెప్పారు. మొవ్వుతో ఫోటో తీయాలట. గ్రైండరు ఆగింది. ఈసారి ఆగిపోయింది, అన్నాల వేళ, టిఫిను డబ్బాల మూతలు తెరుస్తున్న చప్పుడు, ఎవరిదో పచ్చిపులుసు వాసన కూడా పైకి వచ్చినట్టుంది. ఇంత నిశ్శబ్దం ఇక దొరకదు. పిట్టగోడ పట్టుకుని వంగింది. అన్నా. పెదవులు కదిలాయి, గాలి వచ్చింది, మాట రాలేదు. అన్నా. గాలే. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తన మీద తనకే అసహ్యం వేసింది, గొంతు ఎవరో గిల్లేసినట్టుంది, నడిచిగురు, ఇక కట్టదు. ట్యాంకు వెనక్కి పరుగెత్తింది. మొదటి బకెట్లో మొక్కను రెండు చేతులా మొదట్లో పట్టి లాగింది, వేర్లు తెగుతున్న సన్నటి చప్పుడు, తడిమట్టి గడ్డతో సహా వచ్చింది, దాన్ని గుండెకు హత్తుకుని తూర్పు పిట్టగోడకు తెచ్చి, రేకుల మీదికి విసిరింది.

దబ్బుమంది. అనుకున్నదానికంటే పెద్ద చప్పుడు. కింద మాటలు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలయ్యాయి. రెండోది తెచ్చింది. విసిరింది. మూడోది, అన్నిటికంటే పెద్దది, దాని ఆకులు ఆమని ముంజేతి దాకా ఉన్నాయి, విసిరింది.

"కోతులు మల్ల వచ్చినయ్‌రా," అన్నాడు కింద ఒకడు, నోట్లో ముద్దతో.

"ఆకుకూర ఇసురుతున్నయేందే. పులుసుల ఏసుకోమంటున్నయా?"

నవ్వులు. ఎవరో ఇనుప కడ్డీతో రేకును కిందినుంచి టంగుటంగుమని కొట్టారు, కోతులు పోవాలని. తనవి అయిపోయాయి. రెండు నెలలు, దొంగనీళ్ళు, మూడు దబ్బుమన్న చప్పుళ్ళు, అంతే. ఇక ఉన్నవి మేడంవి. నీడవల ఎత్తి మొదటి మొక్క మీద చెయ్యి వేసింది. దీని రెండో ఆకు ఏ రోజు వచ్చిందో తనకు తెలుసు. పీకింది. చెయ్యి పట్టుకుని ఆపడానికి ఎవరూ లేరు. అది రేకుల మీద పడి జారి అంచు దాటి కిందకు పోయింది, కింద "అరెరె" అన్నారు. రెండోది. మూడోది పూతకు లేస్తున్నది, తెగిన కాడ నుంచి పాలు మణికట్టు మీదికి కారాయి. నాలుగోది ఎవరి డబ్బా పక్కనో పడినట్టుంది, కుర్చీ జరిగింది, ఒక గొంతు కోపంగా, "గుల్లేరు పట్టుకరాపోరా, ఒక్కదాన్ని గొడ్తె మిగిలినయ్ గిటు రావు" అంది. మళ్ళీ నవ్వులు. రాయి పెట్టి కొడతారు. తనను. ఇక్కడ నిలబడి, సంచిలో హాల్ టికెట్ పెట్టుకుని, ఈ ఇంట్లో పిల్లలా ఉన్నదాన్ని, కోతి అనుకుని కొడతారు. కడుపులోంచి ఏదో లేచింది, భయం కాదు, ఏడుపు కాదు, మల్లవ్వ పత్తి చేను గట్టు మీద నిలబడి నడుం మీద చేతులు పెట్టుకున్నప్పుడు లేచేది, అది ఛాతీ దాటి, ముల్లు దాటి, నాలుక దాటి వచ్చింది.

"కోతులు కాదు. నేను. తలుపేసిన్రు. నాకు పరీక్షున్నది."

తన గొంతు ఎదురింటి గోడకు తగిలి తనకే వినిపించింది. మొద్దుగా, బొంగురుగా, ఊరి గొంతు. షెడ్డులోంచి నలుగురూ అన్నం చేతులతోనే బయటికి వచ్చి తలలెత్తారు. ముందున్నాయన, నెరిసిన మీసాలు, వెల్డింగు కళ్ళద్దాలు నెత్తి మీదికి నెట్టుకున్నాయన, చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు.

"ఎవలు బిడ్డా? మేడమోల్లింట్ల ఉండే పిల్లవా? ఎప్పటిసంది ఉన్నవ్ గీడ?"

"పన్నెండున్నరసంది."

"గంటసేపటిసంది మేమీన్నే ఉంటిమి. ఒక్క కేక ఎయ్యరాదా? బెల్లంగొట్టిన రాయి లెక్క ఊకున్నవ్."

"ఎయ్యరాలే," అంది ఆమని. అబద్ధం కాదు.

ఆయన పేరు బిక్షపతి, మిగతావాళ్ళు మేస్త్రీ అంటున్నారు. ఆ తర్వాత అన్నీ ఒకదాని మీద ఒకటి జరిగాయి, కింద కాలింగు బెల్లు పదిసార్లు మోగింది, మామ్మగారికి వినిపించలేదు, ఎవరో తలుపు బాదారు, లేవలేదు, చివరికి ఎవరికో చేసి ఉంచిన కొత్త ఇనుప నిచ్చెనను నలుగురూ మోసుకొచ్చి వీధి వైపు నిలబెట్టారు, దానికి పూసిన రెడ్ ఆక్సైడు రంగు ఇంకా ఆరలేదు, మెల్లగ బిడ్డా, కిందికి సూడకు, నన్ను సూడు, అంటూ బిక్షపతి సగం మెట్ల దాకా ఎక్కాడు. పిట్టగోడ మీద ఒక కాలు వేసి ఆమని ఒక్కసారి వెనక్కి చూసింది. ఎనిమిది మొక్కలు, నాలుగు గుంటలు. గుంటల్లో మట్టి తడిగా నల్లగా ఉంది. దిగింది. అరచేతులు ఎర్రగా అయ్యాయి, యూనిఫాం చున్నీ మీద రెండు ఎర్ర చారలు పడ్డాయి. గడియారంలో ఒంటిగంటా ఇరవై ఎనిమిది. బస్సుకు నిలబడితే అందదని, ముసలమ్మ లేచినంక నువ్వు జెప్పు అని ఒకాయనకు అప్పగించి, బిక్షపతి చెయ్యి కడుక్కుని తన మోపెడు తీశాడు. ముందు భాగంలో వెల్డింగు కడ్డీల కట్ట, వెనక ఆమని, సంచి ఇద్దరి మధ్యలో.

నాచారం రోడ్డు మీద గాలి ముఖానికి కొట్టింది. కంపెనీల గేట్లు, బిర్యానీ హోటళ్ళు, టైర్ల దుకాణం వెనక్కి పోతున్నాయి, ఆమనికి అవేవీ సరిగ్గా కనిపించడం లేదు, నాలుగు గుంటలే కనిపిస్తున్నాయి. మేడం ఆరున్నరకు వస్తారు. చీర కూడా మార్చుకోకుండా డాబా ఎక్కుతారు, రోజూ అంతే. బిక్షపతికి అదే ఆలోచన వచ్చినట్టుంది, మెడ తిప్పి గాలిలోకి అరిచాడు. "గా ఆకుకూర మేడందేనా బిడ్డా? మస్తు పావురంగ పెంచుకుంటది, నేను సూస్తనే ఉంట. ఒక్కటి జెప్త, ఇను. కోతులు పీకినయని అను. గీ గల్లీల ఎవ్వలైన నమ్ముతరు. కావాలంటె నేను గూడ అంట."

ఎంత సులువు. నిజంగానే అందరూ నమ్ముతారు, మొన్న పప్పు డబ్బా పోలేదూ? మేడం మోకాళ్ళ మీద కూర్చుంటారు, పాపం పిల్ల, ఎండలో ఇరుక్కుంది, పైగా కోతులు అంటారు, పోనీలే అంటారు, నెయ్యి ఎక్కువ వేస్తారు. ట్యాంకు వెనక ఖాళీ బకెట్లు ఎవరూ చూడరు. ఆమని "వద్దు" అంది. బిక్షపతికి వినపడలేదు. "ఏందీ?" అన్నాడు. ముందుకు వంగి మళ్ళీ చెప్పింది, మోపెడు చప్పుడు మింగేసింది, ఇంకా గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది. హబ్సిగూడ చౌరస్తాలో, మెట్రో దిమ్మెల కింద, ఎర్రలైటు పడింది. తొంభై సెకన్లు చూసి బిక్షపతి ఇంజను ఆపేశాడు, చుట్టూ ఇంకో నాలుగు బండ్లూ ఆపేశాయి, ఆమని అది గమనించలేదు.

"కోతులు కాదు కాకా, నేనే పీకిన. నావి మూడు పీకిన, మేడంవి నాలుగు పీకిన. అవి ఆమెకు పానం. అయినా పీకిన. గట్లనే చెప్త."

హెల్మెట్ పెట్టుకున్న ఒకావిడ తిరిగి చూసింది. పక్కన ఆగిన సిటీ బస్సు కిటికీలోంచి ఇద్దరు చూశారు. బిక్షపతి కూడా మెడ తిప్పి, నవ్వాలో వద్దో తెలియనట్టు చూశాడు. అందరికీ వినిపించిందని ఆమనికి తెలిసింది, చెవులు వేడెక్కాయి, చెయ్యి చున్నీ మీదికి పోయింది, ఎర్రరంగు ఆరక వేళ్ళకు అంటుకుంది. సిగ్నల్ మీద యాభై రెండు. "తిట్టమని చెప్త," అంది, అదే గొంతుతో. "పోనీలే అనొద్దు, తిట్టున్రి మేడం అని చెప్త. ఆ బకెట్లు నాయే అని చెప్త." యాభై ఒకటి. ఆమని ఇంకా చెబుతూనే ఉంది.